వంద కోట్ల మాట: చిన్న టెక్ కంపెనీ రెవెన్యూ అంచనాను విప్పి చూడటం ఎలా

మే నెలాఖరు వచ్చిందంటే చిన్న కంపెనీల ఫలితాలు కుండపోతగా కురుస్తాయి. మార్చి ముగిశాక 60 రోజుల్లోగా ఆడిట్ అయిన వార్షిక లెక్కలు ఎక్స్ఛేంజీకి ఇవ్వాలి గనక, చాలా కంపెనీలు మే 29, 30 దాకా ఆగి ఒక్కసారే వదులుతాయి. తర్వాత కాన్‌కాల్, అంటే యాజమాన్యం ఇన్వెస్టర్లతో ఫోన్‌లో మాట్లాడే సమావేశం. అందులో ఎవరో ఒకరు "సర్, వచ్చే ఏడాది గైడెన్స్ ఎంత?" అని, అంటే ఎంత రెవెన్యూ వస్తుందని మీ అంచనా అని, అడుగుతారు. ఎండీ గారు ఒక్క క్షణం ఆగి "వంద కోట్లు దాటుతామండీ" అంటారు. నిరుడు చేసింది అరవై. మర్నాడు పొద్దున్నే షేరు అప్పర్ సర్క్యూట్, అంటే ఆ రోజుకు పెరగడానికి వీలున్న గరిష్ఠ ధర.

కొన్నేళ్ల కిందట నేనూ ఇలాంటి మాట విని హైదరాబాద్‌లోనే ఆఫీసున్న ఓ చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ షేర్లు కొన్నాను. పేరు ఎందుకు లెండి. చెప్పిన అంకెలో మూడింట రెండు వంతులు కూడా రాలేదు. అందులో మోసమేమీ లేదు, అదే నాకు ఎక్కువ పాఠం నేర్పింది. ఆ మనిషి నిజంగానే నమ్మి చెప్పాడు. సేల్స్ వాళ్లు ఆయనకు చెప్పింది ఆయన మాకు చెప్పాడు, కస్టమర్ వాళ్లకు చెప్పింది వాళ్లు ఆయనకు చెప్పారు. నలుగురి ఆశలు ఒకదాని మీద ఒకటి పేర్చితే ఆ వంద కోట్లు అయ్యాయి.

అప్పటి నుంచి ఏ అంచనా విన్నా నేను ఒక్కటే అడుగుతాను: ఈ రూపాయి ఇప్పుడు ఎక్కడుంది? రైతు ఇంట్లో పుట్టినవాడిని కాబట్టి నాకు నాలుగు చోట్లే తెలుసు. డబ్బు బ్యాంకులో పడితే అది గాదెలో ధాన్యం. బిల్లు వేసి డబ్బు రాకపోతే కళ్ళంలో కుప్ప. ఒప్పందం మీద సంతకమై పని నడుస్తుంటే పొలంలో పైరు. టెండర్ వేశాం, మాటలు జరుగుతున్నాయి అంటే సంచిలో విత్తనం. వంద కోట్లలో ఏ చోట ఎంత ఉందో తేల్చడమే ఈ వ్యాసంలో మనం చేసే పని. అందుకు 60 కోట్ల రెవెన్యూ ఉన్న ఒక ఊహా కంపెనీని తీసుకుని చివరి దాకా లెక్క కడదాం. మీ చేతిలో ఉన్న కంపెనీకి మీ అంకెలు వేసుకోండి.

ముందు కాగితాలు పోగేసుకోండి

మూడేళ్ల వార్షిక నివేదికలు, ఎనిమిది త్రైమాసికాల ఫలితాలు, కాన్‌కాల్ ట్రాన్‌స్క్రిప్టులు, ఆర్డర్లు వచ్చాయంటూ చేసిన ప్రకటనలు చాలు. అన్నీ బీఎస్ఈ, ఎన్ఎస్ఈ వెబ్‌సైట్లలో కంపెనీ పేజీలోనే ఉచితంగా దొరుకుతాయి. మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ నిబంధనల ప్రకారం కాల్ ఆడియోను 24 గంటల్లోగా లేదా తర్వాతి ట్రేడింగ్ రోజు మొదలయ్యేలోగా, ఏది ముందైతే అప్పటికి, పెట్టాలి. రాతప్రతి ఐదు పనిదినాల్లో రావాలి. వీలైతే ఆడియోనే వినండి. "ఖచ్చితంగా" అని ఠక్కున చెప్పడం వేరు, నాలుగు సెకన్లు ఆగి చెప్పడం వేరు. ఆ నాలుగు సెకన్లు రాతప్రతిలో కనిపించవు.

కంపెనీ ఎస్ఎంఈ ప్లాట్‌ఫాంలో (చిన్న, మధ్యతరహా కంపెనీల కోసం ఎక్స్ఛేంజీలు విడిగా పెట్టిన వేదిక) లిస్టయిందైతే ఇంకో సంగతి గుర్తుంచుకోండి. 2012లో మొదలైన ఈ ప్లాట్‌ఫాంలలో ఫలితాలు ఆరు నెలలకోసారి ఇస్తే చాలు. వీటికి ఇండ్ ఏఎస్ అనే కొత్త అకౌంటింగ్ ప్రమాణాలు తప్పనిసరి కాదు, పాత అకౌంటింగ్ ప్రమాణాలే నడుస్తాయి. అంటే మీకు కనిపించే సమాచారం తక్కువ, అదీ ఆలస్యంగా. అలాంటప్పుడు అంచనాకు మీరు ఇచ్చే విలువ కూడా తగ్గాలి.

ఐపీఓ ప్రాస్పెక్టస్‌లో అంచనాల కోసం వెతక్కండి. ఆర్థిక ఫలితాల మీద అంచనాలు అందులో ఇవ్వకూడదని నిబంధన. అందుకే ఆ అంకెలన్నీ యూట్యూబ్ ఇంటర్వ్యూల్లో, కాన్‌కాల్స్‌లో, "ఎవరికీ చెప్పకు" అంటూ వచ్చే టెలిగ్రామ్ మెసేజీల్లో తిరుగుతుంటాయి. మూడో రకాన్ని చదవకుండా డిలీట్ చేయడం మంచిది.

మొదటి మెట్టు: అన్నది, అయ్యింది

ఒక నోట్‌బుక్ పేజీని రెండు నిలువు గడులు చేయండి. ఎడమ గడిలో యాజమాన్యం ఏ తేదీన ఏం చెప్పిందో రాయండి, కుడి గడిలో నిజంగా ఏం వచ్చిందో. రెండు మూడేళ్లు వెనక్కి వెళితే చాలు, కంపెనీ స్వభావం అర్థమవుతుంది. 80 అని 60 చేసిన కంపెనీ ఈసారి 100 అంటే, మీ పెన్ను దానంతటదే 75 రాస్తుంది.

తప్పడం నేరమేమీ కాదు. ఇన్ఫోసిస్‌నే చూడండి. 2023-24 సంవత్సరానికి, కరెన్సీ మారకం ప్రభావం తీసేసి, 4 నుంచి 7 శాతం వృద్ధి ఉంటుందని 2023 ఏప్రిల్‌లో చెప్పింది. జూలైలో దాన్ని 1 నుంచి 3.5కు దించింది. అక్టోబర్‌లో 1 నుంచి 2.5 అయింది, జనవరిలో 1.5 నుంచి 2. చివరికి వచ్చింది 1.4 శాతం. ప్రపంచమంతా కస్టమర్లు, అంచనాలు వేయడానికే ప్రత్యేకంగా మనుషులు ఉన్న కంపెనీ సంగతి ఇది. టీసీఎస్ అయితే అసలు గైడెన్సే ఇవ్వదు. పదిహేను మంది కస్టమర్లున్న చిన్న కంపెనీ ఏడాది ముందే రౌండు అంకె చెబుతోందంటే అది లెక్క కట్టి చెప్పింది కాదు, కోరుకున్నది.

కానీ ఇన్ఫోసిస్ ఇక్కడ చేసిన మంచి పని ఒకటుంది. తప్పుతున్నామని తెలియగానే, మూడు నెలలకోసారి పై అంకె దించుతూ వచ్చింది. మీ నోట్‌బుక్‌లో తప్పిన అంకెల కన్నా ఎక్కువగా చూడాల్సింది దీన్నే: తప్పుతున్నప్పుడు ముందే చెప్పారా? లేక మార్చి దాకా "ట్రాక్‌లోనే ఉన్నాం" అని, మేలో వర్షాల మీదా కస్టమర్ మీదా నెట్టేశారా?

రెండో మెట్టు: ఒక అంకెను నాలుగు చేయండి

"సాఫ్ట్‌వేర్ కంపెనీ" అన్న మాటలో నాలుగు రకాల వ్యాపారాలు కలిసిపోయి ఉంటాయి. వాటిని విడదీయకుండా అంచనా వేయడమంటే వరి, మిరప, పత్తి, మామిడి అన్నీ కలిపి ఎకరానికి ఎంతొస్తుందని అడిగినట్టే. మన ఊహా కంపెనీ నిరుటి 60 కోట్లు ఇలా వచ్చాయనుకుందాం: ఆసుపత్రులకు అమ్మే సాఫ్ట్‌వేర్ సబ్‌స్క్రిప్షన్ల మీద 18, అమెరికా కస్టమర్లకు సర్వీసుల మీద 22, ప్రభుత్వ ప్రాజెక్టుల మీద 16, కంప్యూటర్లూ సర్వర్లూ కొని అమ్మడం మీద 4. వచ్చే ఏడాదికి యాజమాన్యం చెబుతున్న వందలో అవే వరసగా 24, 32, 38, 6.

ఈ విభజన మీకు పళ్ళెంలో పెట్టి ఎవరూ ఇవ్వరు. "మాది ఒకటే సెగ్మెంట్ (వ్యాపార విభాగం)" అని రాసి ఊరుకునే కంపెనీలే ఎక్కువ. అయినా ఇండ్ ఏఎస్ పాటించే కంపెనీ వార్షిక నివేదికలో రెండు చోట్ల వెతకండి. సెగ్మెంట్ నోట్‌లో దేశీయ, విదేశీ ఆదాయం ఎంతెంతో, 10 శాతం లేదా అంతకు మించి ఆదాయం ఇచ్చిన కస్టమర్ల నుంచి ఎంత వచ్చిందో చెప్పాలి. రెవెన్యూ నోట్‌లో ఆదాయాన్ని రకాలుగా విడగొట్టి చూపాలి. మిగతాది కాన్‌కాల్‌లో అడిగి రాబట్టుకోవాలి.

మూడో మెట్టు: సబ్‌స్క్రిప్షన్ లెక్క

నాలుగింటిలో నమ్మదగిన పంట ఇదే, మామిడి తోట లాంటిది. అయినా ఇందులో ఒక లెక్క దగ్గర చాలామంది జారిపోతారు. ఏడాదికి 4 కోట్ల విలువైన కొత్త సబ్‌స్క్రిప్షన్లు అమ్మితే ఆ ఏడాది రెవెన్యూలో 4 కోట్లు పడవు. ఏప్రిల్‌లో చేరిన ఆసుపత్రి పన్నెండు నెలలు కడుతుంది, మార్చిలో చేరింది ఒక్క నెలే. ఏడాది పొడవునా సమానంగా అమ్ముతూ పోతే పడేది సగం, అంటే 2 కోట్లు. వదిలేసి వెళ్లేవాళ్ల సంగతీ అంతే, ఏడాదిలో 10 శాతం మంది వెళ్లిపోతే ఆ ఏడాదికి తగిలే దెబ్బ దాదాపు 5 శాతం.

మన కంపెనీకి మార్చి ఒక్క నెలలో 1.6 కోట్ల సబ్‌స్క్రిప్షన్ ఆదాయం వచ్చిందనుకుందాం. పన్నెండుతో గుణిస్తే 19.2. అందులోంచి 5 శాతం తీస్తే 18.2. కొత్త అమ్మకాలు నిరుటిలాగే ఉంటే 2 కలుపుదాం. మొత్తం 20.2 కోట్లు. యాజమాన్యం చెప్పిన 24 రావాలంటే కొత్తగా 4 కోట్లు కాదు, దాదాపు 11.5 కోట్ల విలువైన సబ్‌స్క్రిప్షన్లు అమ్మాలి. అంటే నిరుటికి మూడు రెట్లు. సేల్స్ టీమ్ మూడు రెట్లయిందా మరి?

అందుకే ఈ విభాగంలో అడగాల్సినవి మూడే: మార్చి నెల ఆదాయం ఎంత, ఎంతమంది వదిలి వెళ్లారు, ఉన్నవాళ్లు నిరుటికన్నా ఎక్కువ కడుతున్నారా తక్కువా. మూడోదానికి సూటిగా జవాబు చెప్పే కంపెనీ దొరికితే దాన్ని గుర్తు పెట్టుకోండి, అలాంటివి అరుదు.

ఏడాది డబ్బు ముందే తీసుకుంటే దాన్ని అంతా ఒకేసారి ఆదాయంగా చూపకూడదు, సేవ ఇచ్చిన కొద్దీ నెలనెలా చూపాలి. మిగిలింది బ్యాలెన్స్ షీట్‌లో అప్పుల వైపు "డిఫర్డ్ రెవెన్యూ"గానో "కాంట్రాక్ట్ లయబిలిటీ"గానో కూర్చుంటుంది. పేరు చూసి భయపడకండి. కస్టమర్ డబ్బిచ్చేశాడు, మనం పని చేసి పెట్టాలి, అంతే. చూడముచ్చటైన అప్పు అది. అది పెరుగుతుంటే వచ్చే ఏడాది అంచనాకు బలం. కొత్త అమ్మకాలు అదిరిపోతున్నాయంటూనే అది తగ్గుతుంటే ఎందుకో అడగండి.

నాలుగో మెట్టు: మనుషుల లెక్క

అమెరికా సర్వీసుల వ్యాపారం గంటల అమ్మకం. కస్టమర్ పని మీద పెట్టగల మనుషులు 110 మంది, అందులో బిల్లు పడేది 80 శాతం, అంటే 88 మంది. నెలకు 160 గంటల చొప్పున ఏడాదికి 1,920 గంటలు. గంటకు సగటున 15.5 డాలర్లు, డాలరుకు 84 రూపాయలు అనుకుంటే మొత్తం 22 కోట్లు. నిరుటి అంకెతో సరిపోయింది. ఇలా పాత అంకె మన లెక్కలో వచ్చిందంటే లెక్క కట్టే పద్ధతి సరిగ్గా ఉందన్నమాట. ఇప్పుడు దాన్నే ముందుకు తోయండి.

అదే రేటుకు 32 కోట్లు చేయాలంటే 160 మంది కావాలి. అదీ ఏప్రిల్ 1 నాటికే. సెప్టెంబర్‌లో చేరిన కుర్రాడు ఏడాదంతా బిల్లు చేయలేడు కదా. కంపెనీ ఇంకా 50 మందిని తీసుకోకపోతే ఆ 10 కోట్లు సంచిలో విత్తనమే. కెరీర్స్ పేజీ చూడండి, జాబ్ సైట్లలో ఆ కంపెనీ ప్రకటనలు ఎన్నున్నాయో చూడండి, వార్షిక నివేదికలో ఉద్యోగుల సంఖ్య పోల్చండి. ఉద్యోగుల జీతాల ఖర్చు పెరగకుండా సర్వీసుల ఆదాయం మాత్రం పెరుగుతుందంటే రేట్లయినా పెరగాలి, లేదా ఎవరో రెండు షిఫ్టులు చేయాలి.

మన కంపెనీ మెల్లగా చేర్చుకుంటూ ఏడాది సగటున 125 మందిని నిలబెట్టిందనుకుందాం. 25 కోట్లు. ఈ 22 కోట్ల వ్యాపారంలో ఒక్క కస్టమరే 9 కోట్లు ఇస్తున్నాడనుకోండి, అతను అక్టోబర్‌లో వెళ్లిపోతే 4.5 కోట్లు పోయినట్టే. చిన్న కంపెనీలో అంచనా తప్పడానికి మార్కెట్, ఆర్థిక మాంద్యం లాంటి పెద్ద మాటలు అక్కర్లేదు. అవతలి కంపెనీలో మన ప్రాజెక్టును వెనకేసుకొచ్చే మేనేజర్ ఉద్యోగం మారితే చాలు.

డిసెంబర్ త్రైమాసికం చప్పగా ఉంటే కంగారు పడకండి. అమెరికాలో సెలవులు, పనిదినాలు తక్కువ. ఎప్పుడూ నిరుటి అదే త్రైమాసికంతో పోల్చండి.

ఐదో మెట్టు: ప్రభుత్వ ఆర్డర్లు

పెద్ద అంచనాలు పుట్టేదీ చచ్చేదీ ఇక్కడే. మన ఊహా కంపెనీ వందలో కూడా అతి పెద్ద గెంతు ఇక్కడిదే, 16 నుంచి 38కి. దీని మీద ఒక సాయంత్రం కూర్చోవచ్చు.

ముందు మాటల తేడా తెలుసుకోవాలి. "పైప్‌లైన్ 300 కోట్లు" అంటే మేం టెండర్లు వేసిన, వేయబోతున్న, వేస్తే బాగుండునని అనుకుంటున్న పనుల మొత్తం. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. దాన్ని సున్నాగా రాసుకోండి. "ఎల్-1 వచ్చాం" అంటే అందరికన్నా తక్కువ ధర కోట్ చేశాం అని. మంచి సంగతే, కానీ ఇల్లు అలకగానే పండగ కాదు. టెండర్ రద్దు కావచ్చు, ఓడినవాడు కోర్టుకెళ్లవచ్చు, వర్క్ ఆర్డర్ ఆరు నెలలు నానవచ్చు. పని మీకే ఇవ్వాలనుకుంటున్నామని రాసిచ్చే "లెటర్ ఆఫ్ ఇంటెంట్" ఇంకో అడుగు. వర్క్ ఆర్డర్ చేతికొచ్చి, బ్యాంకు గ్యారంటీ కట్టి, ఒప్పందం మీద సంతకమైతేనే ఆర్డర్ బుక్. కొన్ని కంపెనీలు ఎల్-1 పనులనూ ఆర్డర్ బుక్‌లో కలిపి చెబుతాయి. "ఇందులో ఎల్-1 ఎంత?" అని విడిగా అడగాలి.

ఆర్డర్ ప్రకటనల్లో కూడా పైన ఉన్న కోట్లే చూసి ఆగకండి. ఆర్డర్ ఇచ్చింది ఎవరు, ఎన్నాళ్లలో చేయాలి, ప్రమోటర్లకు (కంపెనీని నడిపే అసలు యజమానులకు) ఆ సంస్థతో సంబంధం ఉందా, ఇవన్నీ అందులో చెప్పాలని సెబీ నిబంధన. పేరు చెప్పలేం, గోప్యత ఉంది అని దాటేసే కంపెనీలున్నాయి. ప్రైవేటు విదేశీ కస్టమర్ అయితే సరేలే అనుకోవచ్చు. ప్రభుత్వ పనికి గోప్యత ఏమిటండీ, టెండర్ పోర్టల్‌లో అందరికీ కనిపించేదే కదా!

ఇప్పుడు లెక్క. ఆర్డర్ బుక్ 40 కోట్లు. అందులో 15 కోట్లు ఐదేళ్ల నిర్వహణ, అంటే ఏడాదికి 3. మిగతా 25 కోట్లు పద్దెనిమిది నెలల్లో పూర్తి చేయాల్సిన పని. కాగితం మీద ఈ ఏడాదికి 16.7 వస్తాయి. కానీ ప్రభుత్వ ప్రాజెక్టు నేరుగా నడవదు. జిల్లా ఆఫీసుల్లో డేటా ఇవ్వాలి, సంతకం పెట్టాల్సిన అధికారి బదిలీ కాకూడదు, సాఫ్ట్‌వేర్‌ను వాడి చూసి "సరిగ్గా ఉంది" అని రాసివ్వాలి. అందుకే నేను 70 శాతమే వేస్తాను, 11.7. నిర్వహణతో కలిపి 14.7. ఎల్-1 వచ్చిన 15 కోట్ల పని సెప్టెంబర్‌లో మొదలైనా ఈ ఏడాదికి 2.3 కోట్ల కంటే పడదు. మొత్తం 17. ఆర్డర్ బుక్ 40 ఉంది కాబట్టి 38 వచ్చేస్తాయనుకున్నవాళ్లు, కాలపరిమితి చూడకుండా కూడిక చేసినవాళ్లు.

ఎన్నికల క్యాలెండర్ కూడా దగ్గర పెట్టుకోండి. తెలంగాణలో 2023 నవంబర్ 30న పోలింగ్ జరిగింది. ఆంధ్రప్రదేశ్‌లో 2024 మే 13న. కోడ్ ఉన్నన్నాళ్లూ కొత్త పనులు ఆగుతాయి. ఈ రెండు చోట్లా ప్రభుత్వాలే మారాయి, కొత్త ప్రభుత్వం వచ్చాక పాత ప్రాజెక్టులను మళ్లీ తిరగేయడం మామూలే. రాష్ట్ర ప్రభుత్వం మీద బతికే కంపెనీ ఎన్నికల ఏడాదిలో కూడా మామూలు ఏడాది అంచనానే చెబితే చిన్న అనుమానం పెట్టుకోవచ్చు.

మీరు తొంగిచూడటానికి ఇంకో దొడ్డి తలుపు కూడా ఉంది. ఇండ్ ఏఎస్ 115 కింద, ఒప్పందాల్లో ఇంకా చేయాల్సి మిగిలిన పని విలువ ఎంతో వార్షిక నివేదికలో చెప్పాలి. రెవెన్యూ నోట్ చివర్న, చిన్న అక్షరాల్లో ఉంటుంది. కాల్‌లో చెప్పిన ఆర్డర్ బుక్‌ను దీనితో పోల్చండి. ఏడాది లోపు ముగిసే ఒప్పందాలకూ గంటల లెక్కన బిల్లు చేసే వాటికీ మినహాయింపు ఉంది కాబట్టి రెండూ అచ్చం ఒకటే కానక్కర్లేదు. కానీ 40 కోట్లు ఒకచోట, 12 కోట్లు ఒకచోట ఉంటే ఆ తేడాకు కారణం చెప్పాల్సింది కంపెనీయే.

ఆరో మెట్టు: హార్డ్‌వేర్

దీనికి ఎక్కువ సమయం వద్దు. 95కు కొని 100కు అమ్మితే రెవెన్యూ 100 అవుతుంది, మిగిలేది 5. అసలు సరుకు మీద పెత్తనం మీది కాకుండా మధ్యవర్తిగా కమీషన్ తీసుకుంటే ఆ 5 మాత్రమే రెవెన్యూగా చూపాలి. అంచనా అంకె చేరడానికి మార్చిలో హఠాత్తుగా ఈ లైను ఉబ్బిందేమో చూడండి. నిరుటి 4 కోట్లే ఉంచుదాం.

ఏడో మెట్టు: కూడి చూడండి

20.2, 25, 17, 4. మొత్తం 66 కోట్లు. ఇందులో ఏప్రిల్ 1 నాటికే పొలంలో పైరుగా ఉన్నది ఎంతో చూద్దాం: పాత సబ్‌స్క్రిప్షన్లు 18.2, పాత అమెరికా పని 22, చేతిలో ఉన్న ప్రభుత్వ పని 14.7. దాదాపు 55. మిగతా 11 నేను కూడా నమ్మకం మీద వేసిందే. యాజమాన్యం వందలో విత్తనం 45.

ఒక్క అంకెతో ఆగకండి, మూడు వేయండి. పెద్ద కస్టమర్ పోయి, ప్రభుత్వ పని నత్తనడక నడిస్తే 54. అన్నీ కలిసొస్తే, మనుషులు త్వరగా దొరికి, ఎల్-1 పని జూన్‌లోనే మొదలైతే 78. మధ్యలో 66. యాజమాన్యం వంద నా మంచి అంచనాకు కూడా చాలా దూరంలో ఉంది. అది జరగదని నేననను. జరగాలంటే సబ్‌స్క్రిప్షన్ అమ్మకాలు మూడు రెట్లు కావాలి, 50 మంది వెంటనే దొరకాలి, ఏ పెద్ద కస్టమరూ పోకూడదు, ప్రభుత్వ పని సమయానికి నడవాలి. నాలుగూ. ఒక్కోదానికి 70 శాతం అవకాశం ఉందని ఉదారంగా ఇచ్చినా, దేనికది విడిగా జరిగేదైతే, నాలుగూ కలిసి జరిగే అవకాశం 24 శాతం. విడివిడిగా చూస్తే అన్నీ జరిగేలాగే కనిపిస్తాయి, గుణిస్తేనే తెలుస్తుంది.

"రెండో అర్ధభాగంలో చూడండి" అనే మాటను కూడా ఇక్కడే పరీక్షించాలి. మొదటి ఆరు నెలల్లో 30, తర్వాత 70 అంటున్నారా? గత మూడేళ్లలో రెండో అర్ధభాగం వాటా ఎంతుందో చూడండి. ప్రభుత్వ బడ్జెట్లు మార్చిలో ఖర్చవుతాయి కాబట్టి 55, 60 శాతం మామూలే. 70 చరిత్రలో ఎప్పుడూ రాకపోతే ఈ ఏడు ఎందుకొస్తుంది?

ఎనిమిదో మెట్టు: కళ్ళంలో కుప్ప

రాబోయే అంచనాను నమ్మాలా వద్దా అన్నది, నిరుటి రెవెన్యూ డబ్బుగా మారిందా లేదా అన్నదాన్ని బట్టి చాలావరకు తేలిపోతుంది. మన కంపెనీ రెవెన్యూ అంతకు ముందేడు 48 కోట్లు, నిరుడు 60. పన్నెండు కోట్లు పెరిగింది. రావాల్సిన బాకీలు 14 నుంచి 28కి పెరిగాయి. అంటే పెరిగిన ఆదాయమంతా, దాని పైన ఇంకో రెండు కోట్లూ కళ్ళంలోనే ఉన్నాయి. రోజుల్లో చెప్పాలంటే బాకీ వసూలుకు 106 రోజులు పట్టేది కాస్తా 170 అయింది. (దేశీయ బిల్లుల బాకీలో 18 శాతం జీఎస్టీ కలిసి ఉంటుంది, రెవెన్యూలో ఉండదు. కాబట్టి ఈ రోజుల లెక్క కొంచెం ఎక్కువ చూపిస్తుంది. కానీ అంతకు ముందేడూ అలాగే చూపించింది కదా, పెరుగుదల పెరుగుదలే.)

బాకీల పక్కనే "అన్‌బిల్డ్ రెవెన్యూ" ఉంటుంది. పని చేశామని ఆదాయం రాసుకున్నారు, ఇంకా బిల్లే వేయలేదు. అది బాకీ కన్నా పచ్చిది. రెండూ కలిపి చూడండి. బాకీల వయసు పట్టిక కూడా ఇప్పుడు తప్పనిసరి: ఆరు నెలల లోపు, ఆరు నెలల నుంచి ఏడాది, ఒకటి నుంచి రెండేళ్లు, రెండు నుంచి మూడు, ఆపైన. ఏడాది దాటిన బాకీ పెరుగుతుంటే ఆ కస్టమర్ నుంచి ఈ ఏడాది రాబోయే కొత్త ఆదాయాన్ని మీ అంచనాలోంచి కొట్టేయండి. పాత బాకీ ఇవ్వనివాడికి కొత్త పని చేసి ఆదాయం రాసుకోవడం ఏం వ్యాపారం?

బ్యాంకులో డబ్బుందని చూపిస్తే సరిపోతుందా? మన హైదరాబాద్‌కు ఆ జవాబు బాగా తెలుసు. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ రామలింగరాజు మోసం ఒప్పుకుంటూ రాసిన లేఖ ప్రకారం, 2008 సెప్టెంబర్ త్రైమాసికంలో చూపిన రెవెన్యూ 2,700 కోట్లు, నిజంగా ఉన్నది 2,112 కోట్లు. లేని ఆదాయాన్ని ఎప్పటికీ బాకీగా చూపలేరు, ఎక్కడో ఒకచోట సర్దాలి. అది నగదు, బ్యాంకు నిల్వలుగా మారింది. లేని నిల్వ 5,040 కోట్లు. లేని వడ్డీ 376 కోట్లు. అందుకే నగదు బాగా ఉన్న చిన్న కంపెనీ కనిపిస్తే నేను వడ్డీ ఆదాయం చూస్తాను. 20 కోట్ల నిల్వ ఏడాదంతా ఉండి, వడ్డీ 20 లక్షలే వస్తే, ఆ డబ్బు మార్చి 31న మాత్రమే అక్కడుందేమో. వడ్డీ సరిపోయినా అంతా సవ్యమే అని రుజువు కాదు, సత్యంలో వడ్డీ కూడా కల్పితమే. కానీ వడ్డీ కూడా సరిపోకపోతే అక్కడితో ఆపేయొచ్చు.

తొమ్మిదో మెట్టు: ఈ మాట ఇప్పుడెందుకు?

అంచనా చెప్పిన తేదీకి అటూ ఇటూ మూడు నెలలు చూడండి. ప్రిఫరెన్షియల్ ఇష్యూ, అంటే ఎంచుకున్న కొందరికే కొత్త షేర్లు జారీ చేయడం, ఉందా? ప్రమోటర్లు షేర్లు అమ్మారా, తనఖా పెట్టారా? ప్రమోటర్లే వారెంట్లు (ముందే ఖరారైన ధరకు తర్వాత షేర్లు తీసుకునే హక్కు) తీసుకుంటే "చూశారా ఎంత నమ్మకమో" అంటారు. వారెంటుకు ముందు కట్టేది 25 శాతమే. మిగతాది పద్దెనిమిది నెలల్లోగా కట్టొచ్చు, కట్టకపోతే ఆ 25 శాతం పోతుంది, అంతే. మిగతా 75 శాతం నిజంగా కట్టిన రోజు నమ్మకం గురించి మాట్లాడుకుందాం.

పదో మెట్టు: ధరలో ఏ అంకె ఉంది?

కంపెనీ మార్కెట్ విలువ 240 కోట్లనుకోండి. వంద కోట్ల రెవెన్యూ మీద 2.4 రెట్లు, చవగ్గా కనిపిస్తుంది. 66 మీద 3.6 రెట్లు. 54 మీద దాదాపు 4.4. మీరు కొంటున్నది ఏ అంకెకో తెలిసి కొనండి. నేనైతే 66 దగ్గర కూడా నష్టం లేదనిపించే ధర వస్తేనే ముట్టుకుంటాను, వందను బోనస్‌గా వదిలేస్తాను. కొత్తగా షేర్లు జారీ చేసే ఆలోచన ఉంటే మార్కెట్ విలువ కూడా వాటితో కలిపి లెక్కేయండి.

కాల్‌లో అడిగేటప్పుడు

"గైడెన్స్ మీద కాన్ఫిడెంటేనా సర్?" అని అడిగితే "చాలా కాన్ఫిడెంట్" అనే వస్తుంది. దానికి బదులు ఇలా అడగండి: "వందలో ఇప్పటికే సంతకమైన ఒప్పందాల నుంచి వచ్చేది ఎంతండీ?" "సెప్టెంబర్ నాటికి ఎంతమంది ఉద్యోగులుంటారు?" "28 కోట్ల బాకీలో ఈ రెండు నెలల్లో ఎంత వసూలైంది?" ఈ మూడో ప్రశ్నకు ఎండీ ఫోన్‌ను ఆర్థిక వ్యవహారాలు చూసే సీఎఫ్ఓకి ఇస్తే మామూలే. సీఎఫ్ఓ "విడిగా మెయిల్ చేస్తాం" అంటే, ఆ మెయిల్ వచ్చిందో లేదో కూడా నోట్‌బుక్‌లో రాయండి.

ఆ నోట్‌బుక్ మళ్లీ తెరవాల్సిన రోజు మే కాదు, నవంబర్ 14. సెప్టెంబర్ త్రైమాసికం ఫలితాలకు 45 రోజుల గడువు ఆరోజుతో ముగుస్తుంది. లాభనష్టాలతో పాటు ఆరు నెలల బ్యాలెన్స్ షీట్, నగదు ప్రవాహం కూడా అప్పుడే వస్తాయి. జూన్ ఫలితాల్లో అవి ఉండవు. ముందు బాకీల లైను చూడండి, తర్వాత వసూలైన నగదు, ఆ తర్వాత జీతాల ఖర్చు, చివర్న రెవెన్యూ. మన ఊహా కంపెనీ ఆరు నెలల్లో 28 నుంచి 32 దాకా చేసి, బాకీలు 28 నుంచి 22కి దిగితే, వంద రాకపోయినా నేను ఇంకొన్ని షేర్లు కొంటాను. 42 చేసి, బాకీలు 45కి చేరితే, షేరు అప్పర్ సర్క్యూట్‌లో ఉండగానే అమ్మేస్తాను, ఆరోజు కొనేవాళ్లు బోలెడుమంది ఉంటారు.